కోట పక్కన బడి – వాట్‌గంజ్ నేర్పిన లెక్క

మన వార్షిక సంచికలో ఏటా యుద్ధాల మీద, రెజిమెంట్ల మీద, ఓడల మీద మంచి మంచి వ్యాసాలు వస్తున్నాయి. అవి రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి సంపాదకవర్గం మిత్రులు "చరిత్ర మీద ఏదైనా రాయండి" అని అడిగినప్పుడు నాకు యుద్ధం గుర్తు రాలేదు. ఒక స్కూలు సీటు గుర్తొచ్చింది. సర్వీసులో ఉన్నవారికి, రిటైరైనవారికి అందరికీ తెలిసిన కష్టం కాబట్టి దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

1994లో నాకు కలకత్తా పోస్టింగ్ వచ్చింది. హేస్టింగ్స్‌లో ఐ.ఎన్.ఎస్. నేతాజీ సుభాష్. మూవ్ ఆర్డర్ వచ్చింది స్కూళ్ళు తెరిచి మూడు నెలలు గడిచాక. క్వార్టర్స్‌కు వెయిటింగ్ లిస్టు. ఇక చేసేదేముంది, ఖిదిర్‌పూర్ వంతెన దాటి వాట్‌గంజ్‌లో ఒక సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మా అమ్మాయి మూడో తరగతి. టి.సి. చేత్తో పట్టుకుని నేను, మా ఆవిడ తిరగని చోటు లేదు. "సెషన్ మధ్యలో వచ్చారు, సీటు లేదు" అన్నారొకచోట. "మీ యూనిట్ లెటర్ కావాలి" అన్నారు మరోచోట. లెటర్ తెస్తే "మా లిస్టులో మీ పేరు వచ్చే ఏడాదికి వస్తుంది" అన్నారు. ఏ స్కూలు, ఏ ఆఫీసు అని ఇప్పుడెందుకు లెండి. పిల్లకు మాత్రం ఆ ఏడాది పోయింది.

మా సందులోనే ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరు సోంపేట దగ్గర. కుర్రతనంలో డాకులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆయన్ని మేం సోంపేట తాత అనేవాళ్ళం. ఒక సాయంత్రం నా గోడు వినిపిస్తే ఆయన నెమ్మదిగా అన్న మాట ఇది:

"మీ పాపకి సీటు లేదని సెప్పడానికైనా ఓ కాయితం ఉంది బాబూ. మా మనవడు ఏ కాయితంలోనూ లేడు."

ఆయన మనవడికి తొమ్మిదేళ్ళు. పొద్దున్న టీకొట్టులో గ్లాసులు కడిగి, మధ్యాహ్నం సందులో గోళీలాడుకునేవాడు. నేను మూడు నెలలుగా నా పిల్ల గురించే ఆలోచిస్తున్నాను. పక్క గుమ్మంలో ఉన్న పిల్లాడు నాకు కనబడలేదు. ఆ మాటతో సిగ్గేసింది. ఈ పేట ఎలా పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, ఇక్కడ బడులు ఎవరిని లెక్కలో పెట్టుకుని కట్టారు అని తెలుసుకోవాలనిపించింది. అప్పటినుంచి చదివినవి, చూసినవి కలిపి ఇక్కడ పెడుతున్నాను.

కోట వచ్చింది, ఊరు కదిలింది

మనలో చాలామందికి తెలియని సంగతితో మొదలుపెడతాను. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. మద్రాసు నుంచి క్లైవు, అడ్మిరల్ వాట్సన్ ఓడల్లో వచ్చి 1757 జనవరి 2న ఊరిని తిరిగి తీసుకున్నారు. ఆ ఓడల్లో మద్రాసు సిపాయిలు కూడా వచ్చారు. బెంగాల్‌లో, పైన హిందుస్తానీ ప్రాంతాల్లో ఆ రోజుల్లో సిపాయికి 'తిలంగా' అనే పేరు స్థిరపడింది. మన తెలంగ శబ్దమే అది. ఆ పటాలాల్లో తమిళులు, ముస్లింలు, ఇతరులు కూడా ఉండేవారు కాబట్టి అందరూ తెలుగువాళ్ళేనని చెప్పలేం. కానీ సిపాయి అనే మాటకు బదులుగా మన జాతి పేరు వాడేంతగా మనవాళ్ళు అక్కడ కనబడ్డారన్నమాట. మరుసటి ఏడాది, 1758లో, కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో కలకత్తా నుంచే సేన బయల్దేరి విజయనగరం రాజుతో కలిసి పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించింది. అంటే మన తీరానికీ ఆ కోటకూ సంబంధం ఈనాటిది కాదు.

ప్లాసీ తర్వాత 1758లో కొత్త ఫోర్ట్ విలియం పని మొదలైంది. పూర్తయ్యేసరికి సుమారు 1781. ఇప్పుడు విజయ్ దుర్గ్ అంటున్నది దాన్నే. కోట కట్టడానికి గోవిందపూర్ అనే ఊరిని ఖాళీ చేయించారు. అక్కడి కుటుంబాలకు వేరేచోట్ల స్థలాలిచ్చారు. ఠాగూరు వంశంవారు కూడా అలా ఉత్తరాదికి తరలినవారే. ఫిరంగి గుండుకు అడ్డం ఉండకూడదు కాబట్టి కోట చుట్టూ ఉన్న అడవి కొట్టేసి మైదానం చేశారు. సుమారు వెయ్యి ఎకరాల ఆ మైదానం ఈనాటికీ సైన్యం అధీనంలోనే ఉంది. అందుకే అది మిగిలింది. లేకపోతే ఎప్పుడో భవంతులు లేచిపోయేవి.

ఇక్కడ ఒక సూత్రం గమనించండి. సైనిక స్థావరం ఎక్కడ వస్తే అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. దగ్గర్లో కట్టడాలు ఆగుతాయి, కాస్త దూరంలో జనం కిక్కిరిసిపోతారు. కోట కట్టిన కూలీలు కాపురాలు పెట్టిన చోటుకు కూలీ బజార్ అని పేరు. ఇప్పటి హేస్టింగ్స్ అదే. దాని పక్కనే టాలీ నాలా. ఆ నాలా దాటితే ఖిదిర్‌పూర్, వాట్‌గంజ్. కోటలో ఖాళీ స్థలం ఉంటుంది, నాలా అవతల ఊపిరాడదు. రెండు వందల ఏళ్ళ కిందట గీసిన గీత ఇంకా చెరగలేదు.

కల్నల్ వాట్సన్ గంజ్

వాట్‌గంజ్ అంటే వాట్సన్ గంజ్. క్లైవుతో వచ్చిన అడ్మిరల్ వేరు, ఈ వాట్సన్ వేరు. ఈయన కల్నల్ హెన్రీ వాట్సన్, బెంగాల్ సైన్యంలో ఛీఫ్ ఇంజినీరు. 1780 ఆగస్టు 17న వారన్ హేస్టింగ్స్‌కూ ఫిలిప్ ఫ్రాన్సిస్‌కూ పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధం జరిగినప్పుడు ఫ్రాన్సిస్ పక్షాన సాక్షిగా నిలబడింది ఈయనే. కంపెనీ దగ్గర ఖిదిర్‌పూర్‌లో నేల సంపాదించి ఓడల రేవు, ఓడలు కట్టే యార్డు పెట్టాలని పూనుకున్నాడు. 1781లో 'నాన్‌సచ్' అనే ఓడను నీళ్ళలోకి దించాడు. పనివాళ్ళ కోసం, సరుకుల కోసం పక్కన బజారు వెలిసింది. గంజ్ అంటే అదే.

కానీ ఆయన పెద్ద రేవు పూర్తికాలేదు. ఆ నేలలో కొంత మాదేనని భూకైలాస్ వంశానికి చెందిన గోకుల్ ఘోషాల్ కోర్టుకెక్కాడు. దావాతో పని ఆగింది. లక్షలు ఖర్చుపెట్టిన వాట్సన్ ఇంగ్లండు చేరుకున్న రోజుల్లోనే, 1786లో పోయాడు. బేస్ పక్కన నేల ఎవరిది, ప్లాను ఎవరిది అనే తగాదా కూడా అంత పాతది! విశాఖలో, హైదరాబాదులో, సికింద్రాబాదులో పనిచేసిన మన ఎస్టేట్ ఆఫీసు మిత్రులు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు.

ఇదే ఘోషాల్ కుటుంబంలోని జయనారాయణ్ ఘోషాల్ తర్వాత కాలంలో పెద్ద బడి ఒకటి పెట్టించాడు. ఇంగ్లీషు, పారశీకం, హిందీ, బెంగాలీ నేర్పే బడి. కానీ అది ఖిదిర్‌పూర్‌లో కాదు, ఆయన చివరి రోజులు గడిపిన కాశీలో. డాకు కూలీల పేటకు మాత్రం అలాంటి దాత దొరకలేదు.

జీతంలో కోత – సైన్యం పెట్టిన బడి

ఇక అసలు విషయానికి వస్తాను. ఖిదిర్‌పూర్‌లో సైన్యంతో ముడిపడిన మొదటి పెద్ద బడి కథ మన సర్వీసువాళ్ళందరూ తెలుసుకోవలసింది.

1782–83లో బెంగాల్ సైన్యంలో విలియం కిర్క్‌పాట్రిక్ అనే అధికారి ఒక ప్రతిపాదన పెట్టాడు. యుద్ధంలోనో రోగంతోనో పోయిన అధికారుల, సోల్జర్ల పిల్లలు దిక్కులేనివాళ్ళవుతున్నారు. కాబట్టి బతికున్న అధికారులందరూ నెలనెలా జీతంలో కొంత ఇవ్వాలి, ఆ డబ్బుతో పిల్లల్ని పెంచి చదివించాలి అని. దాంతో బెంగాల్ మిలిటరీ ఆర్ఫన్ సొసైటీ ఏర్పడింది. అధికారుల పిల్లలకు ఒక బడి, సోల్జర్ల పిల్లలకు వేరే బడి. మొదట హౌరా వైపు ఉండి, ఆ శతాబ్దం ముగిసేలోపే ఖిదిర్‌పూర్ హౌస్ అనే పెద్ద భవనానికి వచ్చింది. హేస్టింగ్స్ కౌన్సిల్ సభ్యుడు రిచర్డ్ బార్వెల్ ఇల్లది. తర్వాత చాలా ఏళ్ళకు, 1920లలో, సెయింట్ థామస్ స్కూలు ఆ ఆవరణలోకి వచ్చింది. ఇప్పటికీ అక్కడే నడుస్తోంది.

ఈ కిర్క్‌పాట్రిక్ మనకు పరాయివాడు కాదు. తర్వాత హైదరాబాదులో నిజాం దగ్గర రెసిడెంటుగా చేశాడు. ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సవతి తమ్ముడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిందే కోఠీ రెసిడెన్సీ. మన ఆడపిల్లలు తరాలుగా చదువుకున్న కోఠీ విమెన్స్ కాలేజీ ఆ భవనంలోనే నడిచింది.

ఇప్పుడు ఆ అనాథ బడిని కొంచెం దగ్గరగా చూద్దాం. మెచ్చుకోవాల్సిన సంగతి ముందు చెబుతాను. సర్కారు ఇస్తుందిలే అని కూర్చోకుండా తోటి సైనికులే జీతంలోంచి తీసి పిల్లల్ని సాకారు. ఎంతమంది పిల్లలు, ఏ వయసు, ఎంత ఖర్చు అన్నీ లెక్కగా నడిచాయి. మన గ్రూప్ ఇన్సూరెన్సు, మన వెల్ఫేర్ ఫండ్ వెనకున్న ఆలోచన అదే కదా.

నొప్పించే సంగతి కూడా ఉంది. ఆ పిల్లల్లో చాలామంది తల్లులు భారతీయులు. 1786లో కంపెనీ ఒక ఆజ్ఞ జారీచేసింది. భారతీయ తల్లులకు పుట్టిన ఈ అనాథ విద్యార్థుల్ని చదువుకు ఇంగ్లండు పంపకూడదని. 1791లో ఇంకో ఆజ్ఞ. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే వారికి కంపెనీ సివిలు, మిలిటరీ, నౌకా ఉద్యోగాలు లేవని. తండ్రి ఏ సైన్యంలో ప్రాణం పోగొట్టుకున్నాడో ఆ సైన్యంలోనే కొడుక్కి చోటులేదన్నమాట. ఇక సిపాయి పిల్లలు, డాకు కూలీల పిల్లలు అసలు ఆ జాబితాలోకే రారు. బడి ఉంది, భవనం ఉంది, డబ్బు ఉంది. కానీ జాబితాలో పేరున్నవారికే.

ఇలాంటి బడి మద్రాసులోనూ ఉండేది. 1789లో ఎగ్మూరులో పెట్టిన మిలిటరీ అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదరీ సూపరింటెండెంటు. మన వీధిబడుల్లో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడాయన. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతి పెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాక ఇంగ్లండులో దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. ఖిదిర్‌పూర్‌లో పెరిగిన మైకేల్ మధుసూదన్ దత్తు, బెంగాలీ మహాకవి, 1848లో మద్రాసు వెళ్ళి పంతులుగా చేరింది కూడా ఒక అనాథ బాలుర బడిలోనే. మన ఇసక పలక ఇంగ్లండు దాకా వెళ్ళింది గానీ, ఆ పలక పట్టిన పిల్లాడి అన్నదమ్ములు ఖిదిర్‌పూర్ రేవుకు మూటలు మోయడానికి వెళ్ళారు.

డాకు తెరిచారు, జనం వచ్చారు

కలకత్తా పోర్ట్ కమిషనర్లు 1870లో ఏర్పడ్డారు. ఖిదిర్‌పూర్ డాకు 1892లో తెరుచుకుంది. దానికి కాస్త ముందే, 1888 చట్టంతో, శివారు ప్రాంతాల్ని కలకత్తా మునిసిపాలిటీలో కలిపారు. అలా వాట్‌గంజ్ పట్నంలో ఒక వార్డయింది. పక్కనున్న గార్డెన్ రీచ్‌ది ఇంకా చిత్రం. 1897లో దానికి సొంత మునిసిపాలిటీ వచ్చింది. 1923 చట్టంతో కలకత్తాలో కలిపారు. 1932లో విడదీశారు. 1984లో మళ్ళీ కలిపారు. ఇన్ని చేతులు మారిన పేటలో బడి ఎవరు కట్టాలి? ప్లాను ఒక ఆఫీసులో ఉంటే పిల్లాడు ఇంకో ఆఫీసు హద్దులో ఉన్నాడు.

బెంగాల్ నాగపూర్ రైల్వే మన తీరాన్ని కలకత్తాతో కలిపింది. ఆ రైల్వే పెద్దాఫీసు గార్డెన్ రీచ్‌లోనే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం వైపు నుంచి జనం రైల్లో ఖరగ్‌పూర్‌కు, డాకులకు, జనపనార మిల్లులకు వచ్చారు. డాకులో పని సర్దారు చేతిలో ఉండేది. ఈరోజు పిలిస్తే పని, రేపు పిలవకపోతే పస్తు. 1948లో డాకు కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం వచ్చి, 1952లో కలకత్తా డాక్ లేబర్ బోర్డు ఏర్పడ్డాక గానీ వాళ్ళ పేర్లు ఒక రిజిస్టరులోకి ఎక్కలేదు. అదీ పనివాడి పేరు మాత్రమే, వాడి పిల్లల పేర్లు కాదు. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాను విమానాలు ఖిదిర్‌పూర్ డాకు మీద బాంబులు వేసినప్పుడు చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఈ కూలీలే. యూనిఫారం లేదు కాబట్టి వాళ్ళ పేర్లు ఏ స్మారకం మీదా మనకు కనబడవు.

ఇలాంటి జనానికి బడి గురించి ఎవరూ ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. 1924లో దేశబంధు చిత్తరంజన్ దాస్ కలకత్తా మేయరయ్యాడు. సుభాష్ చంద్రబోసు కార్పొరేషన్‌కు చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు. ఉచిత ప్రాథమిక పాఠశాలలు పెట్టడం అప్పుడు కార్పొరేషన్ ముఖ్యమైన కార్యక్రమాల్లో ఒకటైంది. ఆ దశాబ్దంలో కార్పొరేషన్ బడులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేను పనిచేసిన నేవల్ ఎస్టాబ్లిష్‌మెంటుకు నేతాజీ పేరుంది. ఆయన సైన్యాధిపతి కావడానికి చాలా ముందు ఊరి పిల్లల బడుల లెక్క చూసిన మునిసిపల్ అధికారి అని మనలో ఎంతమంది గుర్తుపెట్టుకున్నాం?

1963 – కోటలో ఒక లెక్క, వార్డులో ఒక లెక్క

స్వాతంత్ర్యం తర్వాత రెండు ప్లానులు పక్కపక్కనే నడిచాయి.

మొదటిది మనది. బదిలీల వల్ల కేంద్ర ఉద్యోగుల పిల్లల చదువు చెడిపోతోందని రెండో పే కమిషన్ సిఫారసు చేస్తే 1962లో సెంట్రల్ స్కూళ్ళ పథకం మంజూరైంది. 1963–64లో సైనికులు ఎక్కువగా ఉన్న చోట్ల నడుస్తున్న 20 రెజిమెంటల్ స్కూళ్ళను తీసుకుని దాన్ని ప్రారంభించారు. అవే ఇప్పటి కేంద్రీయ విద్యాలయాలు. ఇప్పుడవి పన్నెండు వందలు దాటాయి. అదే 1963లో ఈస్టర్న్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ ఫోర్ట్ విలియంకు వచ్చింది. ఫోర్ట్ విలియంలో, బాలీగంజ్‌లో, కమాండ్ హాస్పిటల్ దగ్గర కేంద్రీయ విద్యాలయాలున్నాయి. మన పిల్లల్లో ఎంతమంది వాటివల్ల బాగుపడ్డారో నేను చెప్పక్కర్లేదు.

రెండోది ఊరిది. 1961లో కలకత్తా మెట్రోపాలిటన్ ప్లానింగ్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల సాయంతో 1966లో ఇరవై ఏళ్ళ ప్రణాళిక బయటికొచ్చింది. నీళ్ళు, మురుగు, బస్తీలు, రోడ్లు, బడులు అన్నీ అందులో ఉన్నాయి. 1970లో అమలు కోసం సి.ఎం.డి.ఎ. వచ్చింది. బస్తీల్లో కుళాయిలు, మరుగుదొడ్లు, దీపాలు వచ్చాయి. మంచి పనే. కానీ బడికి కావలసింది స్థలం. వాట్‌గంజ్‌లో ఒకవైపు పోర్టు నేల, ఒకవైపు సైన్యం నేల, ఒకవైపు నాలా. మధ్యలో వార్డుకు మిగిలింది సందులే.

డబ్బు సంగతి కూడా ఉంది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రప్రభుత్వ ఆస్తి మీద స్థానిక సంస్థలు పన్ను వేయకూడదు. బదులుగా సర్వీసు ఛార్జీలు ఇవ్వాలి. 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు సుప్రీంకోర్టులో తేలినప్పుడు, వాడుకునే సేవల్ని బట్టి ఆస్తిపన్నులో 75, 50, లేదా 33⅓ శాతం చొప్పున అన్న లెక్క స్పష్టమైంది. బేస్ పెద్దదైతే వార్డు జనాభా పెరుగుతుంది గానీ వార్డు పన్ను అదే పాళ్ళలో పెరగదు. ఇది మన ఒక్క దేశం బాధ కాదు. అమెరికాలో సైనిక స్థావరాల పక్కనున్న స్కూలు డిస్ట్రిక్టులు ఇలాగే మొరపెట్టుకుంటే 1950లో రెండు చట్టాలు చేశారు. ఒకటి స్కూళ్ళు కట్టడానికి, ఒకటి నడపడానికి కేంద్రం డబ్బివ్వాలని. ఆ సొమ్ముకు ఆధారం ఏమిటనుకున్నారు? స్థావరంవల్ల వచ్చిన పిల్లలు ఎంతమంది అని ప్రతి స్కూలు డిస్ట్రిక్టూ లెక్క చూపించాలి. మళ్ళీ తల లెక్కే.

మన విశాఖనే చూడండి. 1968లో ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఏర్పడింది. షిప్‌యార్డు, డాక్‌యార్డు, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. మల్కాపురం, గాజువాక, ఎన్.ఎ.డి. ఎలా పెరిగాయో మీరే చూశారు. 2005లో గాజువాక మహా విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది. బేస్ లోపల నేవీ చిల్డ్రన్ స్కూలు, కేంద్రీయ విద్యాలయాలు. గోడ అవతల కాంట్రాక్టు కూలీల పిల్లలు. వాట్‌గంజ్ కథకు అది రెండో ప్రతి.

చట్టం ఉంది, చదివేవాడు కావాలి

1994లో మాకు లేని ఆయుధం ఇప్పుడుంది. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షను స్థానిక సంస్థలకు ఒక బాధ్యత అప్పజెప్పింది. తన పరిధిలో ఉన్న పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరి వివరాలు రాసిపెట్టుకోవాలి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించాలి. సెషన్ మధ్యలో వచ్చారని సీటు నిరాకరించకూడదు. 2010 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా ఒక కిలోమీటరులో, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్లలో బడి ఉండాలి. మాతృభాష సంగతి చూస్తే 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రమూ స్థానిక సంస్థలూ ప్రయత్నించాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషం. కానీ వార్డు ఆఫీసులో "మీ తెలుగు పిల్లలు ఎంతమంది?" అని అడిగితే మన దగ్గర జవాబుండాలి కదా.

ఇప్పుడు సోంపేట తాత దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయన ఆ మాట అన్న తర్వాతి ఆదివారం నేను ఒక రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. ఓడ మీద నామినల్ రోల్ ఎలా రాస్తామో అలాగే గీతలు కొట్టాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఏ ఊరినుంచి వచ్చారు, బడికి వెళ్తున్నాడా లేదా. తాత ముందు నడిచి గుమ్మాలు చూపించాడు. మొదట్లో "ఏటి బాబూ, పోలీసోల్లకిస్తారేటి?" అని భయపడ్డారు. తాత మాట చెప్పాక పేర్లు చెప్పారు. సాయంత్రానికి ఒక పేజీ నిండి రెండో పేజీ సగం దాకా వచ్చింది. మా నాలుగు సందుల్లో ఇంతమంది తెలుగు పిల్లలున్నారని అక్కడి వాళ్ళకే తెలియదు.

ఆ లిస్టు ఇద్దరు బెంగాలీ మిత్రుల సాయంతో శుభ్రంగా రాయించి ఇవ్వవలసినచోట ఇచ్చాను. ఏదో అద్భుతం జరిగిందని చెప్పను. కొంతమందికి సీట్లొచ్చాయి, కొంతమందికి రాలేదు. తాత మనవడు హిందీ మీడియం బడిలో రెండో తరగతిలో చేరాడు. వయసు ప్రకారం నాలుగులో ఉండాల్సినవాడు. తెలుగు బడి మాత్రం దొరకలేదు. కానీ మొదటిసారి వాడి పేరు ఒక రిజిస్టరులో ఎక్కింది. ఆ రోజు తాత మా ఇంటికొచ్చి, ఏమీ అనకుండా, మా అమ్మాయి చేతిలో ఒక జామకాయ పెట్టి వెళ్ళాడు.

1997లో నాకు బదిలీ అయింది. సామాను కట్టే హడావిడిలో ఆ నోటుబుక్కు ఎవరికి అప్పజెప్పాలో తెలియక తాతకే ఇచ్చాను. ఆయనకు చదువు రాదు. తర్వాత ఆ లిస్టులో కొత్త పేర్లు రాసినవారు లేరు. ఇన్నేళ్ళుగా నన్ను బాధపెడుతున్నది అదే. డ్యూటీ దిగేటప్పుడు హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్ లేకుండా సంతకం పెట్టనివాణ్ణి, ఆ పనిని మాత్రం అలాగే వదిలేసి వచ్చాను.

ఒక విన్నపం

మనకు బదిలీ ఉంటుంది. మన సంఘానికి బదిలీ లేదు. కాబట్టి నా విన్నపం చిన్నది. మన శాఖ ఉన్న ప్రతి స్టేషన్‌లో ఏటా ఫిబ్రవరిలో, అడ్మిషన్లకు ముందు, ఒక ఆదివారం ఈ పనికి కేటాయించాలి. క్వార్టర్స్‌లో ఉన్న పిల్లలతో పాటు గేటు బయట అద్దె ఇళ్ళలో ఉన్న మన జవాన్ల పిల్లల్ని, చుట్టుపక్కల పేటల్లో ఉన్న తెలుగు కూలీల పిల్లల్ని కూడా ఒకే పుస్తకంలో రాయాలి. ఒక ప్రతి స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు, ఒక ప్రతి వార్డు ఆఫీసుకు ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. కార్యదర్శి మారినప్పుడు పుస్తకం చేతులు మారాలి.

1783లో ఆ సైనికాధికారులు జీతంలో కోత వేసుకుని తమ పిల్లలకు బడి పెట్టుకున్నారు. మనల్ని ఎవరూ జీతం కోసుకోమనడం లేదు. ఏడాదికో ఆదివారం చాలు. వాళ్ళ జాబితాలో చోటులేనివాళ్ళకు మన జాబితాలో చోటిద్దాం.

మా అమ్మాయి ఇప్పుడు టీచరు. పోయిన ఆ ఏడాది గురించి ఎప్పుడైనా మాట వస్తే "నాన్నా, ఆ ఏడాదే కదా నేను నీతో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసింది" అంటుంది. నిజమే, ఆ రెండో పేజీ దాని చేతిరాతే.

జై హింద్.